షిఫాన్ కింద కాగితం

డాక్టర్ హిలాల్ నా మోకాలిని
అటూ ఇటూ ఊపి చూశాడు.
బందు ఊడిన కిటికీ రెక్కలాగ
ఎటు తోస్తే అటు పోయింది.
ఎముక మార్చడానికి ఎంతసేపు, అన్నాడు.
అరబ్బీలో అన్నాడు, లిజీ సిస్టర్ హిందీలో చెప్పింది,
నేను తెలుగులో విన్నాను.
ఎముకని పట్టుకుని ఉండాల్సిన నరాలూ తోలూ
అవే నీకు నిలబడే రకం కాదు.

ఎవరో ఇద్దరు దొరల పేర్లు కలిపి కుట్టిన
జబ్బు పేరు రాసిచ్చారు.
జబ్బు నాతోనే పుట్టిందట.
పేరు మాత్రం నలభై ఆరో ఏట మస్కట్‌లో దొరికింది.

చిన్నప్పుడు అదే నా విద్య.
బొటనవేలు వెనక్కి వంచి ముంజేతికి ఆనిస్తే
బడి పిల్లలు జీళ్ళు పెట్టేవాళ్ళు.
పన్ను పీకుతుంటే
మత్తు ఎక్కలేదని కేకలు పెట్టానని
మండపేట డాక్టరు నాటకాలమారి అన్నాడు,
మా అమ్మ కూడా నమ్మింది.
ఇన్నేళ్ళకి హిలాల్ తలెత్తకుండా రాసుకుంటూ
పంటి దగ్గర మత్తు పనిచేసేదా నీకు, అని అడిగాడు.
లేదండీ అన్నాను.
చేయదు, అన్నాడు, మీకు చేయదు.
నేను ఎందుకు ఏడుస్తున్నానో
లిజీకి ఏ భాషలోనూ చెప్పలేకపోయాను.

పంతొమ్మిదేళ్ళు రువీలో, మేడమ్ రయ్యా కొట్లో
అబాయాలు కుట్టిన కాలు ఇది.
పెడల్ మీద ఉండగానే చిప్ప జారేది.
కత్తెర పక్కన పెట్టి, గుండీ పెట్టుకున్నట్టు
దాన్ని నేనే లోపలికి తోసుకుని
మళ్ళీ కుట్టేదాన్ని.
రూములో చీటీ ఎత్తుకున్నాను, పాట ఎక్కువే పోయింది.
సగం మేడమ్ కట్టింది.
ఆ సగం నా జీతంలో ఎన్నాళ్ళు తెగుతుందో
ఇంకా లెక్క వేసుకోలేదు.

కుట్లు నిలుస్తాయో లేదో చెప్పలేను,
నీ చర్మం తడిసిన కాగితం, అన్నాడు.
అప్పుడు నోరు ఊరుకోలేదు.
షిఫాన్‌కి మేం కింద పాత పేపరు పెడతామండీ,
దారం బిగువు సగానికి తగ్గిస్తాం,
తొమ్మిదో నంబరు సూది,
గుడ్డని లాగం, దాని నడక దానిదే.
కుట్టు అయ్యాక పేపరు చింపేస్తాం.
ఇది చెప్పనా వద్దా అని లిజీ నా వైపు చూసింది.
చెప్పింది.
హిలాల్ నవ్వలేదు.
పేపరు చింపేటప్పుడు కుట్టు సాగదా, అని అడిగాడు.
వేలితో అదిమిపట్టి చింపాలి, అన్నాను.

మత్తులో ఉండగా భుజం జారకుండా
చేతికింద మెత్తటి దిండు పెట్టారు.
అంటించే ప్లాస్టరు వద్దని
గుడ్డపట్టీ చుట్టారు.
తెల్లదీపాల కింద ఆఖరున గుర్తున్నది ఆ దిండే.
ఎవరూ పెట్టలేదు నాకు, ఇంతకు ముందు.

పక్క మంచం మీది సూర్ ముసలమ్మ
నాలుగో రోజున కర్ర పట్టుకుని
ఖర్జూరాలు పంచుతూ వెళ్ళిపోయింది.
నా గాయం పదకొండో రోజున
కింది మూల నోరు తెరిచింది.
మళ్ళీ కుట్టారు.
రెండింతల రోజులు ఉంచారు దారాలని.
జ్వరం వచ్చింది, పోయింది,
కిటికీలోంచి ఎర్రకొండలు
గడ్డి పరకైనా లేకుండా నన్నే చూస్తూ కూర్చున్నాయి.

వ్యాయామం చేయించే పిల్ల
అందరి దగ్గరా ఒకటే పాట,
వంచండి, ఇంకొంచెం, ఇంకొంచెం.
నా దగ్గరికొచ్చి కాలికింద చెయ్యి పెట్టి
చాలు, అంది.
ఇంతకన్నా వంగకు.

లోపల ఇనప బందు.
ఒక చోటికి వెళ్ళి ఆగుతుంది మోకాలు,
ఇక రానంటుంది.
పొద్దున్నే లేచి ఊరికే, పది సార్లు,
ఆ ఆగడం వింటాను.

మచ్చ మాత్రం వెడల్పుగా, పలచగా,
ఉల్లిపొర అంటించినట్టు ఉంది.
కుట్టు ఒక చోట వంకర.
కొట్లో ఇలాంటిది వస్తే
విప్పి మళ్ళీ కుట్టమని విసిరేసేదాన్ని.
దీన్ని పాస్ చేశాను.